పటమునఁ గలరు – పట్టికలో లేరు



ఎన్నికల సంరంభము వానకాలపు వఱద వంటిది. వచ్చునపుడు ఊరంతయు ముంచెత్తును. పోవునపుడు గోడలమీఁద గుఱుతులు మాత్రము విడిచిపోవును. జయజయధ్వానములు గాలిలోఁ గలిసిపోవును. పూలదండలు సాయంకాలమునకే వాడిపోవును. వేదికపై విన్న వాగ్దానములలో సగము మఱునాఁటికే మఱపునఁ బడును. వీని యన్నింటి వెనుక మిగిలి నిలుచునది ఛాయాచిత్ర మొక్కటియే. అందుచేతనే దేశనాయకుల యెన్నికల పర్యటనలను జూపు పాతచిత్రములు చరిత్రకు సాక్ష్యములుగా భాండాగారములలో భద్రపఱుపఁబడుచున్నవి. ఈ నెల మన ముచ్చట యట్టి చిత్రములను గూర్చియే.

చిత్రమును జూచుటకుఁ గన్నులు చాలును. తెలిసికొనుటకు మాత్రము పేరు కావలయును. బాణాసురుని కూఁతురు ఉష కలలోఁ గన్న పురుషుఁ డెవ్వఁడో యెఱుంగక పరితపించుచుండఁగా, చెలికత్తె చిత్రలేఖ రాజకుమారుల రూపములనెల్లఁ బటమున వ్రాసి, ఒక్కొక్కరి పేరును వంశమును జెప్పుచుఁ జూపినదని మనము భాగవతమునఁ జదువుకొన్నాము. అనిరుద్ధుని రూపు గుర్తించినది ఉష. పేరు చెప్పినది చిత్రలేఖ. ఆ చెప్పునది లేకున్న, ఉషకుఁ గల యెట్లో పటమును నట్లే. చూచి నిట్టూర్చుటకుఁ దప్ప మఱి దేనికి నుపయోగపడదు. ఈ మాట మనసులో నుంచుకొని, స్వతంత్రభారతమున జరిగిన మొట్టమొదటి సార్వత్రిక ఎన్నికల నాఁటి చిత్రములను జూతము.

ఆ యెన్నికలు 1951 అక్టోబరు 25వ తేదీ మొదలు 1952 ఫిబ్రవరి 21వ తేదీ వఱకు జరిగినవి. ఓటుహక్కు గలవారు 17 కోట్లకుఁ బైబడియుండిరి. వారిలో నక్షరము తెలియనివారే యెక్కువ. లోకసభకు 489 స్థానములు. ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ గారు తమ పక్షమునకుఁ బ్రచారము చేయుటకై 1951 సెప్టెంబరు 30వ తేదీన పంజాబులోని లూధియానా పట్టణమున మొదటి సభ జరిపి, తొమ్మిది వారములలో దేశమంతయుఁ జుట్టివచ్చిరి. ఆ ప్రయాణము సుమారు 25,000 మైళ్లు. అందు విమానముమీఁద 18,000 మైళ్లు, మోటారుకారులో 5,200 మైళ్లు, రైలులో 1,600 మైళ్లు, పడవలో 90 మైళ్లు. పెద్దసభలే మున్నూఱు. ఆయన యుపన్యాసము విన్నవారు రెండుకోట్లనియు, దారి కిరుప్రక్కల నిలిచి చూచినవారు మఱి రెండుకోట్లనియు నా పక్షమువారి నాఁటి లెక్క. జయప్రకాశ్ నారాయణ్, శ్యామాప్రసాద్ ముఖర్జీ, అంబేద్కర్ మొదలగు నితరపక్షముల నాయకులును నాఁడు తమతమ శక్తికొలఁది దేశము తిరిగినవారే.

ఆ కాలపుఁ జిత్రములు నేఁడు కేంద్రప్రభుత్వపు సమాచార ప్రసార మంత్రిత్వశాఖవారి సేకరణలో నున్నవి. ఢిల్లీలో నెహ్రూ గారు నివసించిన తీన్‌మూర్తి భవనమునందలి గ్రంథాలయములోను గలవు. ఆ సంస్థకు 2023లో ప్రధానమంత్రుల మ్యూజియము, గ్రంథాలయము అని పేరు మార్చిరి. ఇట్టి చిత్రములను జూచునపుడు మన చూపు మొదట నడుమకుఁ బోవును. అచ్చట నాయకుఁడుండును. పైకప్పు లేని మోటారుకారులో నిలిచి చేతులు జోడించుచుండును. లేదా వేదికపై ధ్వనివర్ధకము ముందు నిలిచి పలుకుచుండును. ఆ వెనుక దండలు పట్టుకొన్నవారు, వారి వెనుకఁ బోలీసువారు. అందఱును జూచునది యంతవఱకే.

నా మనవి యేమన, చూపు నచ్చట నిలుపక పటము నంచులదాఁకఁ బోనిండు. అచ్చట స్త్రీలుందురు. చంకలోఁ బిడ్డ, తలపైఁ గొంగు, కొందఱకు ముఖమును మఱుఁగుపఱచిన ముసుఁగు. ఆ యింటిపనులు చేసి వచ్చినవారో, మానుకొని వచ్చినవారో! పిడికెడు గింజలు పొయ్యిపైఁ బెట్టి, పొరుగింటి యామెకుఁ జూచుచుండుమని చెప్పి వచ్చినవారును నందుండవచ్చును. తరువాత పటము క్రింది వ్రాఁతను జదువుఁడు. సాధారణముగా నాయకుని పేరుండును. ప్రక్కనున్న ప్రముఖుల పేళ్లుండును. ఊరును దేదియు నుండును. మిగిలినవారికందఱకు ‘జనసమూహము’ అను నొక్కటే మాట.

నాఁడు పటము తీసిన యొక స్త్రీమూర్తి పేరును జాలకాలము వరకు లోకమునకుఁ దెలియలేదు. ఆమె హోమాయీ వ్యారావాలా గారు. 1913లో గుజరాతులోని నవసారిలో జన్మించిరి. మన దేశమునఁ బత్రికలకుఁ జిత్రములు తీసిన స్త్రీలలో మొదటివారు. 1942లో ఢిల్లీ చేరి, బరువైన పెట్టెకెమెరా మోయుచు, చీర కట్టుతోనే పురుషుల గుంపులలోఁ దూఱి, నెహ్రూ గారి చిత్రముల నెన్నింటినో తీసిరి. ఆమె చిత్రములలో ననేకములు ‘డాల్డా 13’ అను మాఱుపేరుతోఁ బ్రకటింపఁబడినవి. పుట్టినది 1913లో, కాఁబోవు భర్తను మొదటఁ జూచినది పదుమూఁడవ యేట, మోటారుకారు సంఖ్య డీ.ఎల్.డీ. 13. అందుండి పుట్టినదా పేరు. ఆమె తానుగా వేడుకకుఁ బెట్టుకొన్న పేరది. 2010లోఁ దన చిత్రముల నన్నింటిని ఢిల్లీలోని అల్కాజీ సంస్థకు భద్రపఱుప నిచ్చిరి, 2012లో స్వర్గస్థులైరి. ఇప్పుడు వారి చిత్రములు వారి సొంతపేరుతోనే నిలిచియున్నవి. తన పనిని దన పేరుతో నొకచోటఁ జేర్చి పోవుటవలనఁ గలిగిన మేలిది.

ఇఁక పటము చెప్పలేని దొక వృత్తాంతము వినుఁడు. ఇది మన తెలుఁగు సోదరీమణులదే. వంగదేశములోని ఖరగ్‌పూర్ రైలుపట్టణమున మనవారు తఱతరములుగా నుద్యోగములకై పోయి స్థిరపడియున్నారు. ఈ ప్రచారకాలమున నెహ్రూ గారి సభ కచ్చటఁ దెలుఁగువారు పెద్దసంఖ్యలో వచ్చిరఁట. వచ్చినవారిలో గర్భవతు లుండిరఁట. కాచుకొని కూర్చుండి, యుపన్యాసము వినుచుండఁగానే కొందఱకు నొప్పులు వచ్చినవి. తక్కిన తెలుఁగువారు వెంటనే వారి చుట్టును వలయముగా నిలిచి మఱుఁగు కల్పించిరి. బిడ్డలు క్షేమముగా భూమిమీఁదఁ బడిరి. చరిత్రకారులు రామచంద్ర గుహ గారు తమ గ్రంథమున నీ సంగతిని జెప్పియున్నారు. ఆ తల్లుల పేళ్లు మాత్ర మందు లేవు.

నెలలు నిండిన స్త్రీ సభకుఁ బోవచ్చునా యని పెద్దలు మందలింతురేమో! మందలింపు మాట యటుంచి, ఆ కోరిక యెంతటిదో యాలోచింపుఁడు. దేశమనఁగా నేమి, ప్రభుత్వమనఁగా నేమి యని వినుటకై వారు వచ్చిరి. మన స్త్రీలకు రాజకీయము లక్కఱలేదని పలుకువారికి ఖరగ్‌పూర్ తల్లులే యుత్తరము.

పటములోఁ బురుషులకు మాత్రము పేళ్లున్నవా యని మీ రడుగవచ్చును. నిజమే, లేవు. వేలమంది వచ్చిన సభలో నొక్కొక్కరి పేరు వ్రాయుట యెవ్వరి తరము? పటము తీసినవారి దోష మిందు లేదు. అయినను భేద మొకటి కలదు. పటములోఁ బేరు లేని పురుషుఁడు ఓటర్ల పట్టికలోఁ బేరు గలవాఁడు. స్త్రీలలో లక్షలమంది పటమునకు వచ్చియు, పట్టికకు రానివారు. ఈ సంగతి పటముఁ జూచినఁ దెలియదు. పట్టికఁ జదివినఁగాని తెలియదు.

జరిగిన దిది. పూర్వము, 1935 నాఁటి చట్టము క్రింద, ఓటుహక్కు ఆస్తినో చదువునో యనుసరించి యుండెడిది. స్త్రీలలోఁ బెక్కుమందికి భర్తకుఁ గల యాస్తినిబట్టి భార్యయని, లేదా వితంతువని యా హక్కు లభించెడిది. 1950లో నమలులోనికి వచ్చిన మన రాజ్యాంగ మా కట్టు తెంచివేసినది. ఇరువదియొక్క యేండ్లు నిండిన ప్రతి మనుష్యునకు, స్త్రీయైనను బురుషుఁడైనను, తనకుఁ దానుగా నోటు కలదనినది. ఇరువదియొక్క యేండ్ల నియమము 1989లోఁ బదునెనిమిదికి దిగినది. ఓటు తనకుఁ దానుగా వచ్చినపుడు పేరును దనదే కావలయును గదా!

కాని ఉద్యోగులు పట్టిక వ్రాసికొనుటకై గడప ముందు నిలిచినపుడు, బీహారు, ఉత్తరప్రదేశము, మధ్యభారతము, రాజస్థానము, వింధ్యప్రదేశము మొదలగు రాష్ట్రములలో నెందఱో స్త్రీలు పరాయివానికిఁ దమ పేరు చెప్ప నొల్లకపోయిరి. ‘ఫలానావాని తల్లిని’, ‘ఫలానావారి భార్యను’ అని మాత్రమే చెప్పిరి. వచ్చినవారు నట్లే వ్రాసికొని పోయిరి. మొదటి ప్రధాన ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్ గారు దీనిని జూచి, ఇది పనికిరాదు, స్వంతపేళ్లనే వ్రాయవలెనని యాజ్ఞాపించిరి. మఱల నడిగించిరి. అయినను దిద్దుటకు వీలుగాక మిగిలిపోయినవి చాల యుండెను. సుమారు ఎనిమిదికోట్ల స్త్రీఓటర్లలో దాదాపు 28 లక్షలమంది పట్టికనుండి తొలఁగింపఁబడిరి.

ఇరువదియెనిమిది లక్షలు! ఎన్నికలకై 2,24,000 పోలింగు కేంద్రములు కట్టిరి. ఇరువదిలక్షల యుక్కుపెట్టెలు చేయించిరి. అక్షరము రానివారు పొరబడకుండ నొక్కొక్క యభ్యర్థికి గుర్తుతో వేఱువేఱు పెట్టెలుంచి, తనకు నచ్చిన పెట్టెలోఁ గాగితము వేసిన జాలునని సులువు చేసిరి. చదువు రాకపోవుట వలన నెవ్వరి హక్కును బోలేదు. పేరు చెప్పకపోవుట వలనఁ బోయినది.

ఉద్యోగులది కాఠిన్యమా? మా యింటివారు బడిపంతులు. హాజరుపట్టీ వ్రాయుట యెఱిఁగినవారి కిందలి చిక్కు తెలియును. పట్టీలోఁ బేరు లేని పిల్లవాఁడు తరగతిలో మొదటి బల్లపైఁ గూర్చుండినను హాజరు గాఁడు. పిలువనిదే పలుకుటెట్లు? రామయ్యగారి యింట నలుగురు కోడండ్రుండి, పట్టికలో ‘రామయ్యగారి కోడలు’ అని యున్న, ఓటు వేయఁదగినది పెద్దకోడలా, చిన్నకోడలా? ఒకరు వచ్చి వేసి పోయినచో, ముగ్గురు వెనుకకుఁ దిరుగవలసినదేనా? సేన్ గారి యాజ్ఞ స్త్రీల కవమానము చేయుటకుఁ గాదు. వారి హక్కును మఱియొకరు వాడుకొనకుండఁ గాపాడుటకు. ఇంతమంది తొలఁగిపోయిరని పుట్టిన కలవరమును వారు మంచికే యని తలంచిరి. రాఁబోవు నెన్నికలనాఁటి కీ సంకోచము తీఱునని వారి యాశ.

ఉత్తరదేశపు సోదరీమణులను నవ్వుట మనకుఁ దగదు. మనలోను నిట్టి మర్యాదలు లేవా? క్రొత్తకోడలు గృహప్రవేశము చేయునపుడు ఆఁడుపడుచులు గడప కడ్డముగా నిలిచి, మగని పేరు చెప్పినఁగాని లోనికి రానీయమని వేళాకోళ మాడుదురు. మగని పేరు నోటఁ బలుకరాదను నాచారమున్నది గనుకనే యందు వేడుక యున్నది. ఆ వేడుక వేడుకగా నుండనిండు. దానివలన నెవ్వరికిని నష్టము లేదు. అయితే గడప దాఁటిన పిమ్మట నామె పేరేమగును? ‘కోడలా’ యనువారుందురు, ‘వదినా’ యనువారుందురు, బిడ్డ పుట్టిన నాఁటినుండి ‘అబ్బాయి తల్లి’ యగును. ఈ పిలుపులలోఁ బ్రేమ యున్నది, కాదనను. వరుసలు మన సంసారమునకుఁ బందిరి. కాని పందిరి యెంత చల్లనిదైనను, తీఁగెకుఁ దన వేరు తనకుండవలయును.

మన కావ్యములలో శకుంతల కథను రెండు తీరుల జదువుకొనియున్నాము. కాళిదాసు నాటకమున దుష్యంతుఁడు తన పేరు చెక్కిన యుంగరము నామె కిచ్చెను. ఆ యుంగరము నీటఁ బడిపోఁగా, నిండుసభలో నామె యెవ్వతెయో యయినది. మహాభారతమున నన్నయగారు చెప్పిన కథలో నుంగరము లేదు. అందు శకుంతల కొడుకును వెంటఁబెట్టుకొని వచ్చి, రాజు నెదుట నిలిచి, సత్యమును దన నోటితోఁ దానే పలికినది. ఆకాశవాణి దానికి సాక్ష్యము పలికినది. ఒకరి పేరు చెక్కిన గుర్తును నమ్ముకొన్న శకుంతల కొకగతి, తన మాటను దాను నమ్ముకొన్న శకుంతల కొకగతి. కవితారసము మాట పండితులు తేల్చుకొందురుగాక! లోకవ్యవహారమున మనకు నన్నయగారి శకుంతలయే గురువు.

కాలము మాఱినది. 1993నుండి ఓటర్లకు ఛాయాచిత్రము గల గుర్తింపుకార్డు లిచ్చుచున్నారు. పట్టికలోను బేరు ప్రక్కఁ జిత్ర ముండుచున్నది. ఒకప్పుడు వేఱువేఱుగానున్న పటమును, పట్టికయు నేఁ డొక్కటైనవి. 2019లోను, 2024లోను జరిగిన లోకసభ యెన్నికలలో నోటు వేసిన స్త్రీల శాతము పురుషుల శాతమును గొంచెముగా మించినది. ఆ 28 లక్షలమంది మనుమరాండ్రు, మునిమనుమరాండ్రు తీర్చుకొన్న ఋణ మిది.

అయినను చిక్కు పూర్తిగాఁ దీఱలేదు. నేఁటి స్త్రీ పేరు చెప్పుటకు సిగ్గుపడదు. కాని యిల్లు మాఱునపుడు పేరును వెనుక విడిచిపోవును. పెండ్లియై యత్తవారింటికిఁ బోయిన బాలిక పేరు పుట్టినింటి యూరిలో నుండిపోవును. లేదా విచారణకు వచ్చినవారు ‘ఇచ్చట లేదు’ అని కొట్టివేయుదురు. క్రొత్తయూరిలో నెవ్వరును జేర్చరు. ఎన్నికలనాఁడు కార్డు చేతఁ బట్టుకొని పోయిన, పట్టికలోఁ బేరు లేదందురు. కార్డులోఁ బటమున్నను, పట్టికలోఁ బేరు లేనిదే యోటు లేదు. నాఁటి ముప్పే మఱియొక దారిని వచ్చుచున్నది.

కాఁబట్టి సోదరీమణులు గమనింపవలసినవి చెప్పెదను. క్రొత్తగాఁ బేరు చేర్చుకొనుటకు 6వ నంబరు ఫారము. ఇల్లు మాఱినపుడుగాని, పేరులోనో చిరునామాలోనో తప్పు దిద్దించుకొనవలసినపుడుగాని 8వ నంబరు ఫారము. మీ ప్రాంతపు బూతు స్థాయి యధికారి నడిగిన నిత్తురు. ఇంటర్నెట్టు ద్వారాను బంపవచ్చును. పదునెనిమిదేండ్లు నిండుటకు వెనుక జనవరి 1వ తేదీ యొక్కటే లెక్కకు వచ్చెడిది. 2022నుండి జనవరి, ఏప్రిలు, జూలై, అక్టోబరు నెలల మొదటితేదీలు నాలుగును లెక్కకు వచ్చుచున్నవి. రెండుచోట్లఁ బేరుండుట చట్టమునకు విరుద్ధము. కావునఁ బుట్టినింటి పేరును మార్పించుకొనుటయే పద్ధతి. క్రొత్తకోడలు వచ్చిన యింట, పసుపుకుంకుమలు సర్దినట్లే యీ పనిని గూడ నత్తగారు దగ్గరనుండి చేయించిన నెంత యొప్పుగా నుండును!

రెండవది ఇంటిలోని పటముల మాట. భాండాగారమువారు నాయకుల పటములను గాపాడుదురు. మన తల్లుల, అమ్మమ్మల పటములను గాపాడువారు మనమే. ట్రంకుపెట్టె యడుగున నుండు పాత పెండ్లిపటములను దీసి చూడుఁడు. తాతగారి పేరందఱకుఁ దెలియును. ఆయన ప్రక్క నిలిచిన యామె పేరేమి? ఆమెకు వెనుక నిలిచిన మేనత్త పేరేమి? ఇంటిలోఁ బెద్దముత్తైదువో, వృద్ధురాలో చెప్పఁగలిగి యుండఁగనే యడిగి వ్రాసికొనుఁడు. ‘ఫలానావారి భార్య’ యని వ్రాసి యూరకుండకుఁడు. ‘సుబ్బమ్మ, ఫలానావారి కూఁతురు, ఫలానావారి భార్య, పుట్టినయూరు, ఫలానా సంవత్సరము’ అని నిండుగా వ్రాయుఁడు.

వ్రాయు తీరును దెలిసికొనుట మంచిది. కాగితపుఁ బటమైన, ముఖములున్న చోటు తప్పించి, వెనుక నంచున మెత్తని పెన్సిలుతో నొత్తకుండ వ్రాయవలెను. సిరా ముందుకుఁ గ్రక్కును; బాల్‌పెన్ను మొన గీఁత ముందఱివైపు నుబ్బును. నునుపుగానుండు నేఁటి పటములపైఁ బెన్సిలు నిలువదు. వానికి విడిగాఁ గాగితముపై వ్రాసి కవరులో నుంచవలెను. జిగురుపట్టీ లంటింపరాదు. చెమ్మయు నెండయుఁ దగులని చోట నుంచవలెను. చేతిఫోనులో వేలకొలఁది పటములు దీయు యువతులు నిందులో నేడాదికిఁ బదింటినైనఁ గాగితముమీఁద నచ్చువేయించి పేళ్లు వ్రాయించిన, రేపటివారు చిత్రలేఖను వెదకికొనుచుఁ బోనక్కఱలేదు.

మరల నెన్నికలు వచ్చును. మోటారుకారులు వచ్చును, దండలు వచ్చును, పటములు తీయువారు వత్తురు. సభకుఁ బోవువారు పోవుఁడు, విని విచారింపుఁడు. పటములో మన మంచున నున్నను లోపము లేదు. అందఱును నడుమ నుండుట కెట్లు వీలగును? పట్టికలో మాత్ర మంచునని, నడుమనని లేదు. అందు ప్రధానమంత్రి పేరుకుఁ బట్టునదొక్క వరుస. మన పేరుకుఁ బట్టునదియు నొక్క వరుసయే. ఆ వరుస ఖాళీగా నుండకుండఁ జూచుకొనుఁడు. పేరు వ్రాసికొనువారు గడప ముందునకు వచ్చినపుడు లోపలినుండి మగవారు పలుకువఱకు నాగకుఁడు. మీరే వచ్చి, మీ తలిదండ్రులు పెట్టిన పేరును స్పష్టముగాఁ జెప్పుఁడు. వ్రాసినదానిని జదివి చూచుకొనుఁడు.